భుజం మీది బరువును నడుముకు దించడం ఎలా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు మేము ముందు కవిత రాద్దామనుకున్నాం. "కవితలు ఇప్పటికే పదిహేడు వచ్చినయ్. మీరు సైన్సు చదివినోళ్లు కదా, పిల్లలు చదివి చేతులతో చేసుకునేది ఏదన్నా రాయండి" అన్నారు సారు. అందుకే ఈ పాఠం.

మేము అంటే ముగ్గురం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇదే హాస్టల్లో, బోరు పక్క గదిలో, మూడు రేకు పెట్టెలు వరుసగా పెట్టుకుని చదివినవాళ్లం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇప్పుడు హైదరాబాద్‌లో పీజీ చదువుతున్నాం. ఇద్దరం ఫిజిక్స్, ఒకడు ఎకనామిక్స్.

పాఠం దేని గురించంటే, కొండలెక్కేవాళ్లు వీపుకు తగిలించుకునే పెద్ద బ్యాగులో ఉండే చట్రం గురించి. దాన్నే ఫ్రేమ్ అంటారు. మంచి ఫ్రేమ్ ఉన్న బ్యాగు కొనాలంటే వేలు కావాలి. ఫ్రేమ్ లేని బ్యాగు కొని, దానికి తేలికైన చట్రం మనమే తయారుచేసుకోవచ్చా? చేసుకోవచ్చు. కానీ మేము మొదటిసారి తప్పు చేశాం, ఆ తప్పు వల్లే అసలు సంగతి తెలిసింది. అందుకని తప్పుతో సహా చెబుతాం.

మాకు కొండల మీద మనసు ఎందుకు పోయిందో ఈ హాస్టల్ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మేము అప్పుడు ఏడో తరగతికి వస్తున్నాం. సెలవులు అయిపోయి హాస్టల్‌కు రాగానే పేపర్లో వచ్చిన ఆ ఫొటో కత్తిరించి రేకు పెట్టె మూత లోపల అంటించుకున్నాం. వాళ్ల శిక్షణ భువనగిరి గుట్ట మీదే మొదలైందని తెలిసి మరీ సంబరపడ్డాం. ఎందుకంటే భువనగిరి కోట మేమూ విహారయాత్రలో ఎక్కినదే కదా!

మాది ఎవరెస్ట్ కాదు లెండి. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ అనే శిఖరం ఉంది. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. కొత్తవాళ్లు కూడా వెళ్తుంటారు. 2024 డిసెంబర్ సెలవుల్లో అక్కడికి పోదామని అంతకు ఆరు నెలల ముందే అనుకున్నాం. స్కాలర్‌షిప్ డబ్బుల్లో కొంత పక్కన పెట్టుకుని కోఠిలో తలా ఒక 50 లీటర్ల బ్యాగు కొన్నాం. "లోపల ఫ్రేమ్ ఉంది తమ్మీ, చూస్కో" అని దుకాణాయన బ్యాగు వీపు మీద టకటకా కొట్టి చూపించాడు. నిజంగానే గట్టిగా ఉంది. వానలో ఒకసారి తడిశాక కుట్టు విప్పి చూస్తే లోపల ఉన్నది అట్టముక్క.

ఆ సంగతి తెలియకముందే ఆగస్టులో ఒక ఆదివారం భువనగిరి కోటకు పోయాం. హిమాలయాలకు ముందు అభ్యాసం చేద్దామని తలా పదకొండు నీళ్ల సీసాలు బ్యాగులో వేసుకున్నాం. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి పదకొండు కిలోలు, బ్యాగుతో కలిపి దాదాపు పన్నెండు. కోట మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాలని పందెం. రెండోసారి దిగేటప్పుడే మాలో ఎకనామిక్స్ వాడు "కుడి చెయ్యి తిమ్మిరెక్కుతుందిరా" అన్నాడు. మేము నవ్వాం. మూడోసారి కూడా ఎక్కించాం. సాయంత్రం బస్సులో టికెట్ డబ్బులు తీయబోతే వాడి వేళ్ల మధ్య నుంచి నోటు జారిపోయింది.

మరో తొమ్మిది రోజుల్లో వాడికి పోటీ పరీక్ష ఉంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పించి, గుప్పిట బిగించమని చూసి, మెడ నుంచి చేతికి దిగే నరాల గుత్తి భుజం పట్టీ కింద నలిగిందని చెప్పింది. ఆ నరాలు మెడ కింది అడ్డ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య నుంచి వెళ్తాయట. సన్నని పట్టీ మీద గంటలకొద్దీ బరువు వేలాడితే అక్కడే నొక్కుకుపోతాయి. బరువైన బ్యాగులు మోసే సైనికుల్లో ఇది బాగా తెలిసిన జబ్బేనని, ఫ్రేమూ నడుం పట్టీ ఉన్న బ్యాగులతో తక్కువగా వస్తుందని తర్వాత చదివాం. చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతుంది. కొందరికి నెలలు పడుతుంది. మావాడు ఓఎంఆర్ షీటులో గుండ్రాలు నింపడానికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాశాడు. రెండు మార్కులతో పోయింది. చేతివల్లేనని వాడు ఇంతవరకూ అనలేదు. మేమిద్దరం మాత్రం అలాగే అనుకుంటాం.

ఆ తర్వాతే ఈ విషయం మీద కూర్చుని చదివాం.

బ్యాగు వీపున వేసుకున్నప్పుడు రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, బరువు కిందికి లాగుతుంది. రెండు, బరువు మన వెన్ను కన్నా వెనక ఉంటుంది కాబట్టి వెనక్కి కూడా లాగుతుంది. ఇంటర్‌లో టార్క్ పాఠం గుర్తు తెచ్చుకోండి. 9 కిలోల బరువు వెన్నుకు 20 సెంటీమీటర్లు వెనక ఉంటే 9ని 0.20తో గుణించగా 1.8 వస్తుంది. అదే బరువును 12 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే 1.08 చాలు. అంటే ఒక్క గ్రాము కూడా తగ్గించకుండా, సామాను సర్దడంలోనే వెనక్కి లాగే పని నలభై శాతం తగ్గింది. అందుకే బరువైనవి వీపుకు ఆనించి, తేలికైనవి బయటివైపు పెట్టాలంటారు. మన అమ్మలు నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్నప్పుడు ఈ బాధే లేదు, బరువు సరిగ్గా వెన్నుపూస మీదే నిలబడుతుంది. కెన్యా ఆడవాళ్లు తమ బరువులో ఐదో వంతు దాకా నెత్తిన పెట్టుకుని నడిచినా అదనంగా శక్తి ఖర్చు కాలేదని 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. నేపాల్ మోతగాళ్లు నుదుటికి పట్టీ తగిలించి బుట్ట మోస్తారు. వాళ్లలో మగవాళ్లు సగటున తమ శరీర బరువులో 93 శాతం మోస్తున్నారని 2005లో సైన్స్ పత్రికలో రాశారు. చుట్టబట్ట పెట్టుకుని మోసేవాళ్లకు వెన్నెముకే ఫ్రేమ్. కానీ అలా మోయడం చిన్నప్పటి నుంచి అలవాటు కావాలి. పీజీ హాస్టల్లో కుర్చీలో కూర్చుని చదివే మాకు ఆ మెడ ఎక్కడిది?

కనుక మాకు ఫ్రేమే దిక్కు అనుకున్నాం. రాణిగంజ్ వెళ్లి, అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగులు ముక్కలు తూకానికి తీసుకున్నాం. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీలు. ఒక్కోటి అరమీటరు పొడవు కోసి, బ్యాగుకు రెండు చొప్పున వీపువైపు లోపల నిలువుగా పెట్టాం. బ్యాగు కర్రలా నిలబడింది. ఎంత గర్వపడ్డామో! నీళ్ల సీసాలు వేసుకుని క్యాంపస్ అంతా ఒక చుట్టు తిరిగొచ్చాం. భుజాలు ఎప్పటిలాగే మండిపోయాయి. పైగా ఒక పట్టీ కొన బ్యాగు అడుగు చీల్చుకుని బయటికొచ్చింది.

ఎందుకు ఇలా అయిందో మాకు ఎంతకూ అర్థం కాలేదు. ఫిజిక్స్ చదివే ఇద్దరమూ కాగితం మీద బాణాలు గీస్తూ కూర్చున్నాం. దసరాకు ఊరికి పోతూ ఆ బ్యాగులోనే బట్టలు సర్దుకుని పోయాం.

మా నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. ముప్పై ఏళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. మెడ వెనక, భుజం మొదట్లో ఒక కాయ కాసి ఉంటుంది. చిన్నప్పుడు ఎత్తుకుంటే ఆ కాయ మీద చెయ్యి వేసి ఆడుకునేవాళ్లం. బ్యాగు చూసి అటూ ఇటూ తిప్పి, పట్టీలు వేళ్లతో తడిమి ఒకటే అడిగాడు.

"గీ పట్టీల కింది కొసలు దేని మీద ఆన్తున్నయ్‌రా?"

"బ్యాగు అడుగు మీద నాయినా."

"బ్యాగు అడుగు దేని మీద ఆన్తున్నది?"

మేము మాట్లాడలేదు.

"గాల్లనే ఉన్నది గదా. మరి బరువు యాడికి పోతది? తిరిగి భుజానికే."

అదీ సంగతి. ఫ్రేమ్ అనేది బ్యాగును గట్టిగా నిలబెట్టడానికి కాదు. అదొక స్తంభం. ఇంటి స్తంభం పైకప్పు బరువును నేలకు దించినట్టు, ఈ స్తంభం బ్యాగు బరువును నడుముకు దించాలి. స్తంభం కింద పునాది లేకపోతే అది ఎంత గట్టిదైనా దండగే, తన బరువు కూడా మనమే మోయాలి. ఆ పునాది పేరు నడుం పట్టీ. అట్టముక్క పెట్టి అమ్మిన బ్యాగుకైతే నడుం దగ్గర ఉన్నది సన్నని రిబ్బన్ లాంటి పట్టీ, అదీ బ్యాగు ఊగకుండా కట్టుకోవడానికే.

మా నాయిన అడిగిన ప్రశ్ననే అమెరికాలో ఒకాయన తన ప్యాంటు జేబులతో కనిపెట్టాడని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాం. ఆయన డిక్ కెల్టీ, వడ్రంగం తెలిసినవాడు. స్నేహితుడితో కలిసి కాలిఫోర్నియాలోని సియెర్రా కొండల్లో తిరుగుతుండగా, చెక్క ఫ్రేమ్ కింది కొనలను జీన్స్ ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలు తేలికపడ్డాయట. అంటే బరువు తుంటికి దిగిందన్నమాట. దాన్ని పట్టుకుని ఆయన నడుం పట్టీ ఆలోచన చేశాడు. 1952లో ఇంట్లోనే అల్యూమినియం గొట్టాల ఫ్రేమ్ బ్యాగులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు, భార్య నీనా సంచులు కుట్టేది. అంతకు ముందు 1908లో నార్వేలో ఓలే బెర్గన్ అనే ఆయన వేటకు పోయినప్పుడు సంచి వీపుకు గుచ్చుకుంటుంటే, జునిపర్ కొమ్మ ఒకటి తన వీపు వంపుకు సరిపోయేలా వంచి సంచికి కట్టాడు. ఇంకా వెనక్కి పోతే, 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి పక్కన యూ ఆకారంలో వంచిన హేజెల్ కర్ర, రెండు చెక్క పలకలు దొరికాయి. అది వీపు బుట్ట చట్రమేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కాదనేవాళ్లూ ఉన్నారు. ఏమైనా వంచిన కొమ్మతో మొదలైన వస్తువు ఇది, కంపెనీవాళ్ల సొత్తేమీ కాదు.

ఇంకొక మాట. అసలు ఫ్రేమే వద్దు, సామానే తగ్గించుకోండి అనేవాళ్లు కూడా ఉన్నారు. 1990లలో రే జార్డిన్ అనే అమెరికన్ ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. తిండి, నీళ్లు, ఇంధనం కాకుండా మిగిలిన సామాను నాలుగున్నర కిలోలు దాటకూడదన్నది ఈ తేలిక నడక వాళ్లు పెట్టుకున్న లెక్క. వాళ్లకన్నా ముందే, 1955లో, 67 ఏళ్ల ఎమ్మా గేట్‌వుడ్ అనే ముసలమ్మ తనే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని 3,200 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలేచియన్ బాట మొత్తం ఒంటరిగా నడిచేసింది. నిజమే, నాలుగైదు కిలోలకు ఫ్రేమ్ అక్కర్లేదు. కానీ తేలికైన సామానే ఖరీదు ఎక్కువ! డబ్బున్నవాడి చలికోటు తక్కువ బరువు తూగుతుంది, మనకు దొరికే ఉన్ని స్వెట్టరు, దుప్పటి ఎక్కువ తూగుతాయి. కాబట్టి ఫ్రేమ్ అవసరం మనలాంటివాళ్లకే ఎక్కువ.

ఇక దేనితో చేయాలి అన్న లెక్క. పదో తరగతి తమ్ముళ్లు ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. పట్టీ వంగకుండా ఎంత బిగువుగా ఉంటుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఆ పదార్థం గుణం, దాన్ని యంగ్స్ మాడ్యులస్ అంటారు. అల్యూమినియంకు 70 గిగాపాస్కల్స్, ఉక్కుకు 200, వెదురుకు రకాన్ని బట్టి సుమారు 10 నుంచి 20. రెండోది ఆకారం. వెడల్పును మందం ఘనంతో గుణించి 12తో భాగించాలి. ఘనం అన్న మాట మరిచిపోకండి, మందం రెండింతలైతే బిగువు ఎనిమిదింతలవుతుంది. మా అల్యూమినియం పట్టీకి 25, 3 కొలతలతో ఈ విలువ 56. అదే వెడల్పుతో 6 మిల్లీమీటర్ల మందం వెదురు బద్ద తీసుకుంటే 450. వీటిని మాడ్యులస్‌తో గుణిస్తే అల్యూమినియంకు సుమారు 3,900. వెదురు ఎంత నాసిదనుకుని 10 వేసినా 4,500 వస్తుంది. ఇక బరువు చూడండి. అరమీటరు అల్యూమినియం పట్టీ సుమారు 100 గ్రాములు, అదే కొలత ఉక్కు పట్టీ 290 దాటుతుంది. వెదురు బద్ద మాత్రం 50 గ్రాములకు కాస్త ఎక్కువ. సగం బరువుకు ఎక్కువ బిగువు!

మాకు ఈ లెక్క నమ్మబుద్ధి కాక మూడుసార్లు వేసుకున్నాం. కావడి బద్దకు మనవాళ్లు వెదురునే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు అర్థమైంది. అయితే వెదురుకు గుణంతో పాటు దోషమూ ఉంది. ప్రతి బద్దా ఒకలా ఉండదు, కొన దగ్గర నిలువునా చీలుతుంది, తడిగా ఉంచితే బూజు పడుతుంది, పురుగు తొలుస్తుంది. అల్యూమినియం నమ్మకమైనది, కానీ ఒకసారి బాగా వంగితే అలాగే ఉండిపోతుంది.

బరువు ఎక్కువై స్తంభం పక్కకు వంగిపోయే హద్దు కూడా లెక్క కట్టాం. దానికి ఆయిలర్ సూత్రం ఉంది. మా అల్యూమినియం పట్టీ నిటారుగా ఉంటే ఒక్కొక్కటి సుమారు 15 కిలోల వరకు ఆగుతుంది. మనం దాన్ని వీపుకు సరిపోయేలా వంచుతాం కాబట్టి అంత ఆగదు, సగమే అనుకోండి. రెండు పట్టీలకు కలిపి 15 కిలోలు. మన అవసరం పది లోపే.

తయారీ చెబుతాం. ముందు వీపు కొలత. తల కిందికి వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది, అది ఏడో మెడపూస. రెండు చేతులూ నడుం మీద, బొటనవేళ్లు వెనక్కి వచ్చేలా పెట్టుకుంటే తుంటి ఎముకల పైఅంచు తగులుతుంది. ఆ ఎముక నుంచి బొటనవేళ్ల మధ్య గీత వరకు ఎన్ని సెంటీమీటర్లో పక్కవాడిని టేపుతో కొలవమనండి. మా ముగ్గురిదీ 43, 46, 48 వచ్చింది. మనిషి పొడుగును బట్టి ఇది ఉండదు. మాలో పొట్టివాడిదే 46. పట్టీ దీనికన్నా నాలుగైదు సెంటీమీటర్లు పొడవుండాలి. బ్యాగు బరువంతా ఆనేది తుంటి ఎముక మీద కాబట్టి, పొట్ట మీద కట్టుకుంటే లాభం లేదు, ఊపిరాడదు కూడా.

అల్యూమినియం పట్టీని చేతిపంపు గొట్టానికి ఆనించి కొంచెం కొంచెంగా వంచాం. ఒకేచోట మడిచినట్టు వంచితే అక్కడ పగులుతుంది. నడుం దగ్గర లోపలికి, వీపు మధ్యలో బయటికి, మెడ దగ్గర మళ్లీ కొంచెం లోపలికి వంపు రావాలి. స్నేహితుణ్ణి గోడకు తిరిగి నిలబెట్టి వీపున పెట్టి చూసుకుంటూ వంచాలి. వెదురు పని మాత్రం మాకు రాలేదు. రెండు బద్దలు విరిచాక మా ఊరి మేదరి అవ్వ దగ్గరికి పోయాం. ఆమె బద్దను బొగ్గుల సెగ మీద అటూ ఇటూ తిప్పి, మెత్తబడగానే మోకాలికి ఆనించి వంచి, చల్లారేదాకా కదలకుండా పట్టుకుంది. తొక్క మాత్రం గీకొద్దని గట్టిగా చెప్పింది. వెదురు బలం తొక్క దగ్గరి నారలోనే దట్టంగా ఉంటుందని మేము పుస్తకంలో చదివాం, ఆమెకు చేతికే తెలుసు. డబ్బులిస్తే తీసుకోలేదు.

కొనలన్నీ ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. తర్వాత టైలర్ దగ్గర బ్యాగు లోపల, వీపువైపు, రెండు నిలువు దారులు కుట్టించాలి. పైజామాకు నాడా ఎక్కించే మడత ఉంటుంది చూడండి, అలాంటిదే, మందపాటి కాన్వాస్ గుడ్డతో. పట్టీలు అందులో దూరుతాయి. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ దారుల అడుగున సైకిల్ ట్యూబు ముక్క రెండు మడతలు వేసి జేబులా కుట్టించి, ఆ జేబును సరిగ్గా నడుం పట్టీ బ్యాగుకు కలిసే చోటే, పట్టీతో కలిపి కుట్టించాలి. పట్టీ కొన దిగేది బ్యాగు అడుగులోకి కాదు, నడుం పట్టీలోకి. నడుం పట్టీకి మేము కారు తుక్కు షాపులో సీటు బెల్టు కొని, కింద అరచెయ్యి వెడల్పు ఫోమ్ పెట్టించాం. ఆ కుట్టు మాత్రం మామూలు మిషన్‌తో ఆగదు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మైనపు దారంతో వేయించుకోండి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడం సులువు. బరువు వేసి, నడుం పట్టీ ముందు బిగించి, తర్వాత భుజం పట్టీలు బిగించాలి. భుజం పట్టీ కింద రెండు వేళ్లు తేలిగ్గా దూరితే బరువు దిగినట్టే.

మా నాయినకు తొడిగి చూపించాం, పదకొండు సీసాల నీళ్లతోనే. వాకిట్లో వేపచెట్టు దాకా పోయి వచ్చి, నడుం పట్టీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "గిది ముప్పై ఏండ్ల కింద మాకెవ్వలు చెప్పకపాయె" అన్నాడు. హమాలీ పనికి ఇది పనికొస్తుందేమోనని మేము చాలా ఆలోచించాం. 50 కిలోల బస్తాను లారీ దగ్గర అందుకుని గోదాములో పడేసి రెండు నిమిషాల్లో మళ్లీ రావాలి. ప్రతిసారీ పట్టీలు కట్టి విప్పుతూ కూర్చుంటే కూలి గిట్టదు. దానికి ఇంకేదో మార్గం కావాలి. మాకు ఇంకా తట్టలేదు.

అక్టోబరు చివర్లో భువనగిరి మళ్లీ ఎక్కాం. డిసెంబరులో సాంక్రి గ్రామం నుంచి గైడుతో కేదార్‌కంఠ నడిచాం. ముగ్గురం మూడు రకాల ఫ్రేములతో పోయాం. చెయ్యి దెబ్బతిన్నవాడికి అల్యూమినియం ఇచ్చాం, ఒకరిది వెదురు. మూడోవాడిది ఫ్రేమే కాదు, పడుకునే ఫోమ్ షీటును నాలుగు మడతలు పెట్టి వీపువైపు దూర్చి, దాని మీద సామాను బిగించి నింపాడు. దానికి అదనపు బరువు సున్నా కదా అని వాడి ధీమా. మొదటి రోజు వాడిదే బాగుంది. చలి పెరిగి స్వెట్టర్లు, దుప్పటి బయటికి తీసేసరికి బ్యాగు వదులైంది, షీటు మధ్యకు మడతపడి కూలబడింది. బ్యాగు నిండుగా బిగిసి ఉన్నప్పుడే ఆ పద్ధతి పనికొస్తుంది. వెదురు నడిచినంతసేపూ కిర్రు కిర్రుమంది గానీ వంగలేదు. అల్యూమినియం వంపు తిరిగి వచ్చేసరికి కొంచెం సాగి నిటారైంది, మళ్లీ వంచుకున్నాం. శిఖరం మీద మావాడు చేతి తొడుగు తీసి, కుడిచేతి ఐదు వేళ్లూ విప్పి ముడిచి మాకు చూపించాడు.

బడికి పోయే తమ్ముళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు. బడి బ్యాగు బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతుంది. 40 కిలోలున్నవాడికి 4 కిలోలు. ముందు హాస్టల్ కాటా మీద తూచి చూసుకోండి. తర్వాత, ప్రకటనల బోర్డులకు వాడే గొట్టాల ప్లాస్టిక్ షీటు, సన్‌ప్యాక్ అంటారు, పాతది ఒకటి తెచ్చి బ్యాగు వీపు కొలతకు కత్తిరించి లోపల పెట్టండి. గొట్టాలు నిలువుగా ఉండాలి, అడ్డంగా పెడితే మడిచిపోతుంది. పుస్తకాలు వీపుకు గుచ్చుకోవు, పెద్దవి వీపుకు ఆని నిలబడతాయి. నడుం పట్టీ లేదు కాబట్టి ఇది బరువు దించదు, ఆ ఆశ పెట్టుకోకండి. రెండు భుజాలకూ వేసుకోండి. ఒక భుజానికే తగిలించుకుని హీరోలా నడిచేవాళ్లలో ఒకప్పుడు మేమూ ఉన్నాం.

వెదురు ఫ్రేమ్ ఉన్న బ్యాగును ఈ వార్షికోత్సవానికి తెచ్చి ఆటల గదిలో పెట్టి పోతున్నాం. ఎవరైనా వాడుకోవచ్చు. వీపు కొలత 46 ఉన్నవాళ్లకు సరిగ్గా సరిపోతుంది, రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పర్లేదు. వాడాక బద్దలు బయటికి తీసి ఒక పూట ఎండలో పెట్టండి. కింది జేబులో సైకిల్ ట్యూబు అరిగితే వార్డెన్ సారు దగ్గర ఇంకో ముక్క ఇచ్చి ఉంచాం.